బస్టాండు మలుపు చెట్టు, మిగతా పనులు: జమా ఖర్చుల వివరణ

వీధి చెట్ల కమిటీ తరఫున ఊరి వారందరికీ నమస్కారం.

ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 దాకా వచ్చిన డబ్బు, పోయిన డబ్బు కింద రాస్తున్నాం. దసరాకే లెక్క చెబుతామన్నాం, చెప్పలేకపోయాం. డ్రైన్ పని బిల్లు నెలాఖరుకు గానీ తేలలేదు. ఈలోగా బస్టాండు మలుపులోని నిద్రగన్నేరును అమ్ముకోకుండా దానికే ఎదురు డబ్బు పెట్టామని, కొమ్మల డబ్బు మింగేశామని టీ కొట్ల దగ్గర అనుకున్నవి మా చెవిన కూడా పడ్డాయి. అందుకే ఈసారి వివరణ కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

జమ

పాత నిల్వ: 6,240
ఇంటింటి చందాలు (రసీదు పుస్తకాలు 1 నుంచి 5): 71,450
దుకాణాల నుంచి: 38,500
బయట ఊళ్లలో ఉన్న మనవాళ్లు ఫోన్‌పేలో పంపినవి: 46,000
మొత్తం జమ: రూ. 1,62,190

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం. అడగకుండానే ఇంటికొచ్చి ఇచ్చిన వాళ్లున్నారు. ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వనివాళ్లు 14 మంది, బాకీ 27,500. పేర్లు రాయం, అది పద్ధతి కాదు. కానీ మొదటి మీటింగులో మైకు పట్టుకుని ఐదు వేలు ప్రకటించి, చప్పట్లు కొట్టించుకుని, ఫోటో దిగినవారికి ఒక్కసారి గుర్తు చేయడం తప్పు కాదనుకుంటాం. లెక్కలు అందరికంటే గట్టిగా అడుగుతున్నవారిలో ఇద్దరు ఈ పద్నాలుగు మందిలోనే ఉన్నారు.

ఖర్చు

మెయిన్ రోడ్డు డివైడర్ మీది కోనోకార్పస్ చెట్లు 19, వేళ్లతో సహా పీకించడానికి జేసీబీ, ట్రాక్టరు: 21,600. దీనిమీద ఎవరూ పేచీ పెట్టలేదు. మంచినీళ్ల పైపు జాయింటులోంచి బయటికి లాగిన వేళ్ల కుచ్చు తడిసిన కొబ్బరి పీచులా ఉండటం చాలామంది కళ్లారా చూశారు.

కొత్త మొక్కలు 34: 29,750. ఇందులో ట్రీ గార్డులకే 22,100, మొక్కలకు 2,550, గుంతలు, ఎరువు, ఎర్రమట్టి 5,100. ఉప్పుగాలికి తట్టుకుంటాయని గంగరావి, పొన్న, కానుగ పెట్టాం. కరెంటు తీగల కింద పెద్దయ్యే చెట్టేదీ పెట్టలేదు, దేవగన్నేరు, నందివర్ధనంతో సరిపెట్టాం. తురాయి పెట్టమని చాలామంది అడిగారు. పూలు బాగుంటాయి, కాదనం. కొమ్మ మాత్రం పెళుసు.

రోడ్డు పక్క కొబ్బరిచెట్లు 11, ఎండు మట్టలు, గెలలు దింపించడం: 2,750.
వేసవిలో నీళ్ల ట్యాంకరు, 12 ట్రిప్పులు: 7,200.
రసీదు పుస్తకాలు, జిరాక్సులు, బ్యానరు: 1,980.

ఇక బస్టాండు మలుపులోని నిద్రగన్నేరుకు కొమ్మలు తగ్గించి, మొదలు వదులు చేయించడం: 87,960. మొత్తం ఖర్చులో సగం పైనే. ముక్క ముక్కా చెబుతాం.

కొమ్మలు తగ్గించిన పనివాళ్లు నలుగురు, రెండు రోజులు: 26,000
క్రేన్ అద్దె, మూడు రోజులు, రోజుకు 7,500 చొప్పున: 22,500
చెట్టు మొదట్లో కాంక్రీటు పగలగొట్టి డ్రైన్ పక్కకి తిప్పడం: 31,400
కొమ్మలు తరలించిన ట్రాక్టరు, 6 ట్రిప్పులు: 4,200
భోజనాలు, టిఫిన్లు, టీలు: 3,860

అందరూ అడిగేది ఒకటే. కలప వ్యాపారి తానే ఎదురు 40,000 ఇచ్చి చెట్టు కొట్టుకుపోతానంటే, దాన్ని వదులుకుని మనం ఎదురు డబ్బు పెట్టడమేమిటి? అయ్యా, ఆ చెట్టు రోడ్డు మీద ఉంది. అది మన కమిటీదీ కాదు, అమ్ముకోవడానికి మనకు హక్కూ లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొట్టాలంటే ముందు అనుమతి కావాలి. ఆ వ్యాపారి అనుమతి సంగతి నేను చూసుకుంటానన్నాడు. ఆ మాట విన్నాకే మాకు భయం వేసింది. అనుమతి దొరికి అమ్మినా ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుంది గానీ మన జమలోకి రాదు. ఇప్పుడు కోసిన కొమ్మల విషయమూ అంతే. వాటి వేలం డబ్బు మున్సిపాలిటీ కట్టించుకుంది, అందుకే పై జమలో కనిపించదు. మేం మింగేశామన్నవారు ఆ రసీదు నకలు మా దగ్గర చూడవచ్చు.

అది మన దేశపు చెట్టే కాదు, అమెరికా నుంచి వచ్చింది, కొట్టేస్తే ఏం పోయిందని ఒక పెద్దమనిషి మీటింగులో వాదించారు. ఆ మాటకొస్తే మిరపకాయా అక్కడినుంచే వచ్చింది.

అసలు చెట్టుకున్న జబ్బేమిటో చూశాకే ఈ నిర్ణయానికి వచ్చాం. 2014లో హుద్‌హుద్ తుపాను వెళ్లాక తీగలు సవరించే హడావిడిలో ఎవరో పెద్ద కొమ్మను మధ్యలోకి నరికి మోడు వదిలేశారు. ఆ మోడు కుళ్లి తొర్ర పడింది. మా సభ్యుడొకరు నిచ్చెనెక్కి చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్లింది, గుప్పిట నిండా నల్లటి పొట్టు వచ్చింది. ఆ చుట్టూ మొలిచిన కొత్త కొమ్మలే పదకొండు కేవీ కరెంటు లైను మీదికి పోయాయి. పైపైన అతుక్కుని ఉంటాయి, పట్టు ఉండదు. కింద చూస్తే డ్రైన్ తవ్వినప్పుడు ఒక పక్క వేళ్లన్నీ తెగ్గోశారు, మిగిలినచోట మాను అంచు దాకా కాంక్రీటు పోశారు. పలక లేపితే ముంజేయంత లావు వేరు అప్పడంలా చదునై, గోడ వెంబడి వంగి పాకుతోంది. పైన బరువు, కింద పట్టు లేదు. అందుకని పైనా తగ్గించాలి, కిందా వదులు చేయాలి. ఒకటి చేసి రెండోది మానేస్తే చేసిన ఖర్చు దండగే.

డ్రైన్ పని మున్సిపాలిటీది, మన చందాతో ఎందుకని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అర్జీ పెట్టాం, చేస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. వానలు దగ్గర పడుతున్నాయని మేమే చేసుకుంటామని అడిగి, కాగితం మీద అనుమతి తీసుకున్నాం. సిమెంటు 7,200, కంకర, ఇసుక 8,600, ఇనుము 4,100, మేస్త్రీ, కూలీలు 11,500. మేస్త్రీ మా కార్యదర్శికి బంధువే, దాచడం లేదు. మరో ఇద్దరిని అడిగితే కూలికి ఒకరు 13,000, ఒకరు 14,500 చెప్పారు. ఆ రెండు చీటీలూ ఫైల్లో ఉన్నాయి.

క్రేన్‌కు పని జరిగిన రెండు రోజులే కాక మూడో రోజు అద్దె ఎందుకిచ్చారంటే, అది మే నెలలో ఖాళీగా నిలబడ్డ రోజు. కరెంటు వాళ్లు ఎల్‌సీ, అంటే పని అయ్యేదాకా లైను ఆపి ఉంచడం, ఇస్తామన్నారు, ఉదయం ఆరింటికే క్రేన్ వచ్చింది, పనివాళ్లు తాళ్లు కట్టుకుని కూర్చున్నారు. అదే రోజు ఇంకో చోట లైను తెగిందని సిబ్బంది అటు వెళ్లిపోయారు. లైనులో కరెంటు ఉండగా మనిషిని చెట్టెక్కించలేం కదా. సాయంత్రం దాకా చూసి క్రేన్ పంపేశాం. సగం అద్దె తీసుకోమని బతిమాలాం, యజమాని ఒప్పుకోలేదు. పని రద్దయితే ఎంత ఇవ్వాలో ముందే రాయించుకోకపోవడం మా తప్పే. ఆ 7,500 విషయంలో ఎవరేమన్నా పడతాం.

మళ్లీ తేదీ దొరికేసరికి జూన్ వచ్చింది, చెట్టు నిండా కొంగలు గూళ్లు కట్టేశాయి. పిల్లలతో ఉన్న గూళ్లను నేలకూల్చడానికి మాకు చేతులు రాలేదు. సెప్టెంబరు చివరిదాకా ఆగాం. కింద బళ్లు పెట్టుకున్నవారు రెట్టల గురించి మమ్మల్ని తిట్టని రోజు లేదు. సెప్టెంబరు గాలివానకు ఒక కొమ్మ విరిగి టీ కొట్టు రేకుల మీద పడింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. రేకుల ఖర్చు 3,500 చందా డబ్బులోంచి తీయలేదు, సభ్యులం ఐదుగురం తలా 700 వేసుకున్నాం. ఆగడం సరైనదేనా అంటే మాలోనూ ఇప్పటికీ రెండు మాటలున్నాయి. తుపాన్లొచ్చే అక్టోబరు ఎక్కువ దూరం లేదన్న టెన్షన్ మాకు మాత్రం లేదా? హుద్‌హుద్ తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ 11న. చివరికి అక్టోబరు 3, 4 తేదీల్లో పని పూర్తయింది.

నలుగురికి రెండు రోజులా, మా ఊళ్లో ఒక్కడు గొడ్డలితో పూటలో చేస్తాడన్నవారికి: అలా పూటలో చేసిన పని ఫలితమే ఆ తొర్ర. వీళ్లు ప్రతి పెద్ద కొమ్మకూ ముందు కింది నుంచి గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోసి, బరువు దిగాక మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బు దెబ్బతినకుండా బయటగా కోశారు. కొమ్మలను తాడుతో దించారు, ఒక్కటీ తీగ మీద పడలేదు. గుబురులో పావు వంతుకు మించి తీయలేదు. కోతల మీద తారు పూయలేదేమని అడిగారు. పూస్తే లోపల తడి నిలిచి కుళ్లు పెరుగుతుంది, ఉబ్బు బాగుంటే గాయాన్ని చెట్టే మూసుకుంటుంది.

భోజనాల 3,860 మూడు రోజులవి, ఖాళీగా పోయిన రోజు టిఫిన్లతో సహా. కమిటీ వాళ్లం ఇంటి దగ్గరే తిన్నాం.

మొత్తం ఖర్చు: రూ. 1,51,240
నిల్వ: రూ. 10,950 (బ్యాంకులో 9,700, కోశాధికారి చేతిలో 1,250)

వోచర్లన్నీ గ్రంథాలయంలో ఉంటాయి, నవంబరు ఆదివారాల్లో ఉదయం 8 నుంచి 11 దాకా ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. సెలవుల్లో మొక్కలకు నీళ్లు పోసిన హైస్కూలు పిల్లలకు, ఎల్‌సీ ఉన్న రెండు రోజులూ ఉక్కలో ఓర్చుకున్న బస్టాండు వీధి వాళ్లకు కృతజ్ఞతలు. బాకీ 27,500 వస్తే సరుగుడు తోట వైపు రోడ్డులో ఇంకో ముప్పై మొక్కలు పెట్టాలని ఉంది.

ఇంకొక్క మాట. 34 ట్రీ గార్డుల్లో మూడు కనిపించడం లేదు. ఒకటి ఒక పెరట్లో కోళ్ల గూడుగా ఉందని మాకు తెలుసు. రాత్రిపూట తెచ్చి వీధి చివర పెట్టి వెళ్లినా చాలు, ఎవరని అడగం.