ఈ సెలవుల్లో మీ పిల్లల నక్షత్రాన్ని వాళ్లకు చూపించండి

ప్రధానోపాధ్యాయురాలి లేఖ, జనవరి 2026

తల్లిదండ్రులందరికీ నమస్కారం. సంక్రాంతి శుభాకాంక్షలు.

యూనిట్ టెస్ట్ పేపర్లు పిల్లల బ్యాగుల్లోనే ఉన్నాయి. చూసి, సంతకం పెట్టి సెలవుల తర్వాత పంపండి. మార్కుల గురించి పండగపూట పిల్లల్ని సాధించకండి, అది మనం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవచ్చు.

సెలవుల హోంవర్క్ ఏమిటని వాట్సాప్ గ్రూపుల్లో చాలామంది అడుగుతున్నారు. మూడో తరగతి నుంచి పై వాళ్లందరికీ ఈసారి ఒక్కటే పని. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్లు ఎవరినైనా వెంటబెట్టుకుని మేడ మీదికి వెళ్లి ఆకాశం చూడాలి. చూసింది అరపేజీ రాసుకురావాలి, బొమ్మ వేస్తే ఇంకా మంచిది. గూగుల్ చూసి రాసింది మా టీచర్లు ఇట్టే పట్టేస్తారు.

మన పిల్లల్ని జన్మనక్షత్రం ఏమిటని అడిగితే సగం మంది టక్కున చెబుతారు. అదెక్కడుందో చూపించమంటే మాత్రం క్లాసులో ఫ్యాను వైపు చూస్తారు. పూజలో గోత్రంతోపాటు చెప్పే పేరుగానే అది వాళ్లకు తెలుసు. ఈ నెలలో కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర, పునర్వసు అయిదూ రాత్రి తొమ్మిదికల్లా ఒకేసారి కనిపిస్తాయి. పైగా 18న అమావాస్య కాబట్టి సెలవుల్లో రాత్రి తొలిజామున చంద్రుడి అడ్డం కూడా ఉండదు.

మొదలుపెట్టాల్సింది వరుసగా ఉన్న మూడు చుక్కలతో. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఆగ్నేయం వైపు తిరిగి బాగా పైకి చూడండి. ఒకే గీత మీద, దాదాపు సమాన దూరంలో మూడు చుక్కలుంటాయి. ఇంగ్లీషులో ఓరియన్ బెల్ట్ అనేది వీటినే. పెద్దవాళ్లు కొందరు గొల్లకావడి అంటారు. మీ ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు వేరే పేరు చెబితే అరపేజీలో అది కూడా రాయించండి. బెల్టుకు ఒక పక్క ఎర్రగా ఉన్నది ఆర్ద్ర, ఇంకో పక్క తెల్లగా మెరిసేది రిగెల్. 2019 చివర్లో ఆర్ద్ర ఉన్నట్టుండి మసకబారితే పేలిపోతుందేమోనని ప్రపంచమంతా మాట్లాడుకుంది. అది తనలోంచి ఎగజిమ్మిన ధూళే తనకు అడ్డొచ్చిందని తర్వాత తేలింది.

ఆ మూడు చుక్కల గీతను పైకి పొడిగిస్తే నారింజ రంగు రోహిణి వస్తుంది. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని మన సామెత. మే చివర్లో సూర్యుడు ఆకాశంలో ఈ చుక్క ఉన్న వైపు ఉంటాడు కాబట్టే ఆ పక్షానికి ఆ పేరు. అప్పుడు రోహిణి పగలంతా సూర్యుడి పక్కనే ఉంటుంది, మనకు కనిపించదు. ఇప్పుడు ఎముకలు కొరికే చలిలో అదే రోహిణి రాత్రి తొమ్మిదింటికి మన నడినెత్తి మీదికి వస్తుంది. నడినెత్తి అని మాటవరసకు అనడం లేదు. విజయవాడ భూమధ్యరేఖకు 16.5 డిగ్రీలు ఉత్తరాన ఉంది, ఆకాశంలో ఆ రేఖకు నేరుగా పైనుండే గీతకు రోహిణి కూడా అన్నే డిగ్రీలు ఉత్తరాన ఉంది. మెడ నొప్పి పుట్టేలోపు చాప పరుచుకుని పడుకుని చూడండి. అక్కడికి కాస్త వాయవ్యంగా ద్రాక్షగుత్తిలా కనిపించేది కృత్తిక. అందులో ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలిగారో పిల్లల్ని రాయమనండి. అన్నాచెల్లెళ్లకే లెక్క తేడా వస్తుంది, కొట్టుకోనివ్వకండి.

అదే గీతను కిందికి పొడిగిస్తే సిరియస్, అంటే మన లుబ్ధకం. రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటిలో ప్రకాశవంతమైనది ఇదే. ఇంకా కిందగా ఉన్నప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మార్చి మార్చి మెరుస్తుంది. డ్రోన్ అనుకుని వీడియో తీసి నాకు పంపినవాళ్లు కూడా ఉన్నారు. నక్షత్రానిది సూదిమొనంత వెలుగు. దిగంతం దగ్గర అది దట్టమైన గాలిపొరల్లోంచి రావాలి కాబట్టి అటూ ఇటూ వంగి, రంగులు విడిపోతాయి. సిరియస్ దూరం 8.6 కాంతి సంవత్సరాలు, అంటే దాని వెలుగు మన దాకా రావడానికి అన్నేళ్లు పడుతుంది. ఈ రోజు మనం చూసే వెలుగుకు దాదాపు మన మూడో తరగతి పిల్లలంత వయసు.

రాత్రి పదిన్నర దాటాక కూడా మేలుకునే ఇళ్లవాళ్లు సిరియస్ కింద, నేరుగా దక్షిణాన అగస్త్యుణ్ణి చూడండి. ప్రకాశంలో రెండో నక్షత్రం అది. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఆ లెక్కన అగస్త్యుడు మనకు రెండు పిడికిళ్ల ఎత్తుకు లేస్తాడు. ఢిల్లీలో ఒక పిడికిలి కూడా లేవడు. న్యూజెర్సీలో ఉన్న బాబాయికైతే ఉదయించనే ఉదయించడు. వీడియో కాల్‌లో పిల్లలు ఆ మాట గొప్పగా చెప్పుకోవచ్చు.

ఇక గ్రహాలు. ఈ నెల సాయంత్రం ఆకాశంలో కంటికి దొరికేవి గురుడు, శని రెండే. తూర్పున పునర్వసు జంట చుక్కల దగ్గర మిణుకు లేకుండా నిలకడగా వెలిగేది గురుడు. సిరియస్ కంటే కూడా దాదాపు మూడింతల వెలుగు. జనవరి 10న భూమికి ఒక పక్క సూర్యుడు, సరిగ్గా ఎదురుపక్క గురుడు ఉంటారు. అందుకే పొద్దుగుంకేసరికి ఉదయించి తెల్లవార్లూ ఉంటుంది. దూరం సుమారు 63 కోట్ల కిలోమీటర్లు. శని సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య పడమర వైపు, లేత పసుపు రంగులో, అంత ఆర్భాటం లేకుండా ఉంటుంది.

కుజుడు, శుక్రుడు ఈ నెల సూర్యుడి వెనక పక్కన ఉన్నారు, ఎంత వెతికినా దొరకరు. ఎర్రగా కనిపించిన ప్రతి చుక్కా కుజుడేనని పిల్లలు వాదిస్తారు. ఈసారి అది రోహిణో ఆర్ద్రో అయి ఉంటుంది.

టెలిస్కోపు కొనమంటారా అని కొందరు అడిగారు. ఇప్పుడే వద్దు. వందల రెట్లు పెద్దగా చూపిస్తుందని ఆన్‌లైన్‌లో అమ్మే చౌక బొమ్మలు స్టాండు వణికి రెండో రోజే అటక ఎక్కుతాయి. మామూలు 10×50 బైనాక్యులర్ మేలు. గోడకు ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుడి పక్కన దాని చంద్రులు చిన్న చుక్కలుగా తెలుస్తాయి. 1610 జనవరిలో గెలీలియో గుర్తించినవి అవే. సూర్యుడు పూర్తిగా అస్తమించాకే అది పిల్లల చేతికివ్వండి, ఇందులో మినహాయింపు లేదు. స్కై యాప్‌లు మంచివే కానీ చివర్లో సరిచూసుకోవడానికే వాడండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఫోన్ వెలుగు దాన్ని ఒక్క క్షణంలో చెడగొడుతుంది.

ఆకాశం చూడటం పెద్ద పెద్ద సంస్థల పని అనుకోకండి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లోనే తన సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. తర్వాత దాన్ని నడిపిన ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబర్ 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే గమనించి నమోదు చేశారు. పదో తరగతి వాళ్లు ప్రాజెక్టుకు విషయం దొరకలేదని మళ్లీ నా దగ్గరికి రాకూడదు.

జనవరి 23, శుక్రవారం సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మన బడి మైదానంలో అందరం కలిసి చూద్దాం. ఆ రోజు నెలవంక పక్కనే, కాస్త ఎడమగా కిందికి శని ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. సైన్స్ టీచర్లు టెలిస్కోపు పెడతారు. శని వలయాలు ఇప్పుడు దాదాపు అంచు మనవైపు తిప్పుకుని ఉన్నాయి, సన్నటి గీతలాగే కనిపిస్తాయి. పుస్తకంలో బొమ్మలా లేదని పిల్లలు నీరుగారిపోకుండా ముందే చెప్పి తీసుకురండి. మైదానం లైట్లు ఆర్పేస్తాం కాబట్టి చిన్నపిల్లల చెయ్యి వదలకండి. చాప, స్వెటర్, మంచినీళ్ల బాటిల్ తెచ్చుకోండి. ఆ రోజు స్కూలు బస్సులు ఉండవు. వచ్చేవాళ్లు 21వ తేదీలోపు క్లాస్ టీచర్‌కు డైరీలో రాసి పంపండి. మబ్బు పడితే మధ్యాహ్నం మూడింటికే గ్రూపులో మెసేజ్ పెడతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు