గర్భసంచి తీయించుకునే ముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాక ఇది కాగితం మీద పెట్టడమే మంచిదనిపించింది. ఫోనైతే మధ్యలో పిల్లలు అడ్డొస్తారు, నీకు స్కూలు టైమ్ అయిపోతుంది. కాగితమైతే అల్లుడుగారూ చదువుతారు. చదవాలి కూడా.

నెలసరి తొమ్మిది పది రోజులు ఆగకపోవడం, గంటకో ప్యాడ్ మార్చుకోవడం, అర్ధరాత్రి లేచి దుప్పటి తడుపుకోవడం, గడ్డలు గడ్డలుగా పోవడం... ఆడపుట్టుకకు ఇవన్నీ మామూలే అని మీ అత్తగారు అన్నా, ఇంకెవరన్నా నువ్వు ఒప్పుకోకు. ఇది జబ్బు, దీనికి వైద్యం ఉంది. నీ రక్తం (హిమోగ్లోబిన్) 7.8కి పడిపోయిందంటే ఒంట్లో ఉన్నది ఉన్నట్టు కారిపోతోందన్నమాట. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నిలబడితే కళ్లు తిరగడం అందుకే. ఐరన్ మాత్ర కాఫీతోనో టీతోనో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతో వేసుకో. మాత్రలతో పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. ఏ ఆపరేషన్ చేయించుకున్నా రక్తం పెరిగాకే.

ఇక అసలు సంగతి. డాక్టర్ ఒక్క స్కానింగ్ చూసి "గర్భసంచి తీసేద్దాం, ఇంక పిల్లలు అక్కర్లేదుగా" అన్నారని చెప్పావు. ఆ మాట వినగానే నాకు మీ పెద్దమ్మే గుర్తొచ్చింది. తెల్లబట్ట, నడుం నొప్పి అని నర్సింగ్ హోమ్‌కి వెళితే, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని భయపెట్టి 33 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ఏడాది తిరక్కుండానే ఒంట్లో సెగలు, నిద్ర లేదు, నలభై దాటేసరికి ఎముకల నొప్పులు. పత్తి చేలో అందరికంటే ముందుండే మనిషి మంచం పట్టింది. ఆవిడొక్కతే కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. మన ఆడవాళ్ల గర్భసంచులే అంత పాడైపోయాయంటే నేను నమ్మను. ఇలా అవసరం లేని ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాటిని ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచిని ఉంచి బ్లీడింగ్‌ని తగ్గించే దారులున్నాయి. ట్రానెగ్జామిక్ మాత్రలు వాడి చూశావు, తగ్గలేదు. తర్వాతది హార్మోన్ లూప్, గర్భసంచి లోపల అమర్చితే కొద్దికొద్దిగా హార్మోన్ వదిలేది. లూప్ అనగానే కాపర్ టీ తలుచుకుని భయపడకు. కాపర్ టీతో బ్లీడింగ్ పెరుగుతుంది, దీంతో తగ్గుతుంది. మొదటి కొన్ని నెలలు కొంచెం కొంచెంగా కనిపిస్తూ విసిగిస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి పనిచేస్తుంది. వద్దనుకుంటే తీసేయొచ్చు. నన్నడిగితే ముందు దీని గురించే డాక్టర్‌ని అడగమంటాను.

అది కుదరకపోతే ఎండోమెట్రియల్ అబ్లేషన్. నా ఉద్యోగమంతా గైనిక్ వార్డులోనే గడిచింది కాబట్టి దీని గురించి నీకు వివరంగా చెప్పగలను. నెలనెలా పెరిగి రాలిపోయేది గర్భసంచి లోపలి పొర. గోడను కదపకుండా లోపలి సున్నం మాత్రం గీకేసినట్టు, ఆ పొరను వేడితో కాల్చేస్తారు. పొట్ట కోయరు, కుట్లుండవు, కింది నుంచే సన్నటి పరికరం పంపిస్తారు. ఒక పద్ధతిలో చిన్న బెలూన్ లోపలికి పంపి, అందులో ద్రవం నింపి, 87 డిగ్రీల దాకా వేడి చేసి ఎనిమిది నిమిషాలు ఉంచుతారు. రేడియో తరంగాలతో చేసేదైతే కాల్చడం రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లిపోతారు. ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో మెలిపెట్టినట్టుంటుంది, రెండు మూడు వారాలు నీళ్లలా పోతుంది. ఫలితం తేలడానికి మూడు నెలలు పడుతుంది. కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది, ఎక్కువమందికి బాగా తగ్గుతుంది. అండాశయాల జోలికి వెళ్లరు కాబట్టి పెద్దమ్మకు వచ్చిన సెగలు దీనివల్ల రావు.

అలాగని ఇది అందరికీ పనికొచ్చేది కాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు చేయకూడదు. చేశాక గర్భం వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. నీకు రెండో కాన్పప్పుడే పిల్లల ఆపరేషన్ అయిపోయింది, ఆ చింత లేదు. కానీ ఆ ఆపరేషన్ వల్లే ఇంకో సంగతి చూసుకోవాలి. ట్యూబులు కట్టేసి ఉన్నప్పుడు, అబ్లేషన్ తర్వాత మూలల్లో మిగిలిన పొర నుంచి వచ్చే రక్తం బయటికి దారిలేక చిక్కుకుని కొందరికి నెలనెలా నొప్పి తెస్తుంది. మన వైపు సగంమంది ఆడవాళ్లకు ఆ ఆపరేషన్ అయి ఉంటుంది కదా, అయినా ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. పైగా నీవి రెండూ సిజేరియన్లే. కుట్టు దగ్గర గోడ పల్చబడిందేమో స్కాన్లో కొలవమని అడుగు.

బయాప్సీ, అంటే లోపలి పొర ముక్క తీసి చేసే పరీక్ష, లేకుండా మాత్రం ఎవరేం చేస్తానన్నా ఒప్పుకోకు. నలభై దాటినదానివి, పొరలో చెడు కణాలు లేవని తేలాలి. పొరను కాల్చేశాక లోపల అతుక్కుపోతుంది, ఆ తర్వాత అనుమానం వచ్చి పరీక్ష చేయాలన్నా కష్టం. థైరాయిడ్ పరీక్షా చేయించు. పొర గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి ఉంటే, దాన్ని అడినోమయోసిస్ అంటారు, అబ్లేషన్ అంతగా పనిచేయదు. అన్నీ బాగున్నా, సుమారు అయిదుగురిలో ఒకరికి కొన్నేళ్లకు మళ్లీ వైద్యమో గర్భసంచి తీయడమో తప్పట్లేదు. చిన్న వయసులో చేయించుకున్నవాళ్లకే అది ఎక్కువ. నీ 43 ఏళ్లు ఆ లెక్కన నయమే.

గర్భసంచి తీయడమే చెడ్డదని నేననడం లేదు. బయాప్సీలో తేడా వచ్చినా, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే కణితులు) బాగా పెద్దవైనా, అన్నీ వాడి చూసినా బ్లీడింగ్ ఆగకపోయినా తీయించుకోవలసిందే, నేనే దగ్గరుండి చేయిస్తాను. అప్పుడు కూడా అండాశయాలు బాగుంటే ఉంచేయమని సంతకం పెట్టకముందే అడుగుదాం.

ఆదివారం తెనాలి నుంచి పొద్దున బండికి బయలుదేరుతున్నాను. సోమవారం రెండో డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళదాం, పిల్లల్ని స్కూల్లో దింపే పని అల్లుడుగారు చూసుకుంటారు. స్కాన్ కాగితాలు, రక్తపరీక్షలు, రెండు కాన్పుల డిశ్చార్జి కాగితాలు ఒక కవర్లో పెట్టి ఉంచు. ఈసారి నెలసరి ఏ తేదీన మొదలైందో, రోజుకెన్ని ప్యాడ్లు మార్చావో రాసి పెట్టుకో, డాక్టర్ ముందు అదే అడుగుతారు. ఐరన్ మాత్ర ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు.

అమ్మ