కుర్రాళ్ల గుండెకు ముసలివాళ్ల పరీక్షలా?

సంపాదకులకు నమస్కారం.

‘ఏ జబ్బూ లేని యువకుడు గుండెపోటుతో కుప్పకూలాడు’ అన్న తరహా వార్తలు తరచూ చూస్తున్నాం. ఆ ‘ఏ జబ్బూ లేని’ దగ్గరే నాకు పేచీ.

మా బావగారికి 72 ఏళ్లు. నాలుగేళ్లుగా మేడ మెట్లెక్కితే ఆయాసం. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాల్లోనూ బ్లాకులు కనిపించాయి. కాల్షియం పట్టి ఎంత గట్టిపడ్డాయంటే, స్టెంట్ వేసేముందు వజ్రపు రజను పొదిగిన చిన్న డ్రిల్లుతో అరగదీయాల్సి వచ్చింది. ఆయన కొడుకు, నా మేనల్లుడికి 38. ఆదివారాలు షటిల్ ఆడేవాడు. ఆఫీసు హెల్త్ ప్యాకేజీలో ట్రెడ్‌మిల్ పరీక్ష (నడిపిస్తూ ఈసీజీ చూసేది) నార్మల్ అన్నారు. ఐదు నెలలకే గుండెపోటు. మూసుకుపోయింది ఒక్క నాళం, అదీ ఒక్కచోట. గడ్డ తీసేశాక చూస్తే అక్కడి పూడిక (నాళం గోడలో పేరుకున్న కొవ్వు) సగం కూడా లేదు.

పెద్దవాళ్లలో పూడిక ఎక్కువగా కాయలు కాచిన అరచేయిలా గట్టిగా ఉంటుందట. నాళం ఏళ్ల తరబడి ఇరుకవుతుంది కాబట్టి ఆయాసం ముందే హెచ్చరిస్తుంది, చిన్న నాళాలు పక్కదారి వేసుకోవడానికీ వ్యవధి దొరుకుతుంది. కుర్రవాళ్లలో తరచూ ఉండేది మెత్తటి కొవ్వు, పైన పల్చటి పొర. సెగగడ్డ లాంటిదన్నమాట. పొర చిట్లిందంటే అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. సిగరెట్ తాగేవాళ్లలో పొర చిట్లకుండా, పైపైన ఒరుసుకుపోయినా గడ్డ కట్టవచ్చు. ఇదేమీ గిరిగీసిన హద్దు కాదు, డెబ్భైల్లోనూ మెత్తటి పూడిక చిట్లుతుంది.

ట్రెడ్‌మిల్ పట్టుకునేది రక్తప్రవాహానికి అడ్డుపడేంత ఇరుకును. 40 శాతం మెత్తటి పూడిక దానికి చిక్కదు. సీటీ స్కాన్‌లో గుండె నాళాల కాల్షియాన్ని కొలిచే కాల్షియం స్కోర్ సున్నా అంటే కాల్షియం పట్టలేదనే, పూడిక లేదని కాదు. కుర్రవాళ్ల నాళాల్లో పూడిక ఉండటం కొత్త సంగతి కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలు పరీక్షించి 1953లో ప్రచురించారు. సగటు వయసు 22. వారిలో 77 శాతం మందికి గుండె నాళాల్లో జబ్బు ఛాయలున్నాయి. పైగా దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతావారికంటే ఐదారేళ్లు ముందే వస్తోందని 52 దేశాల అధ్యయనం తేల్చింది.

మా వాడు రోజుకు అర పెట్టె సిగరెట్లు కాలుస్తానని ప్యాకేజీ ఫారంలో రాశాడు. ఎవరూ ఆ మాటెత్తలేదు. ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా గుండెజబ్బు వచ్చిందా అని అడగడానికి, ఎల్‌డీఎల్‌ (చెడు కొలెస్ట్రాల్), షుగర్, జీవితంలో ఒక్కసారి లిపోప్రొటీన్-ఏ (వంశపారంపర్యంగా వచ్చే చెడు కొవ్వు) చూడటానికి ఎంత ఖర్చు? ట్రెడ్‌మిల్ కాగితం చూపించి ‘హార్ట్ ఓకే’ అని ముద్ర కొట్టడం మాత్రం మానాలి.

నొప్పి వచ్చిన రాత్రి ఇంకో ఘోరం జరిగింది. ‘ఈ వయసులో గుండె నొప్పేంటి, గ్యాస్’ అని మొదటి క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఈసీజీ తీయలేదు. రెండు గంటలు పోయాయి. ఇప్పుడు తండ్రి గుండె పంపింగ్ 55 శాతం, అంటే మామూలే; కొడుకుది 35.

గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు, సంతోషం. ఈసీజీ తీస్తేనే కదా అది ఎవరికి ఇవ్వాలో తెలిసేది. ఛాతీనొప్పితో ఎవరొచ్చినా, పాతికేళ్లవాడైనా సరే, పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్న నియమాన్ని ప్రైవేటు క్లినిక్కులకూ తప్పనిసరి చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి