కొత్త మందు మానేసిన రోగిని నిందించే ముందు

సంపాదకులు గారికి,

దీర్ఘకాలిక వ్యాధులున్నవారు మందులను మధ్యలోనే మానేస్తున్నారని, అందుకు వారి నిర్లక్ష్యమే కారణమని మీ పత్రికలో వచ్చిన కథనం చదివి రోజులు గడిచినా నా ఆవేదన తగ్గలేదు. అందులో వైద్యుల అభిప్రాయం ఉంది, అధికారుల హెచ్చరిక ఉంది, రోగులకు కావలసినన్ని హితబోధలు ఉన్నాయి. ఆ మందును రోగి చేతికిచ్చే ఫార్మసిస్టు ఊసు మాత్రం ఎక్కడా లేదు.

సంపన్న దేశాల్లో సైతం దీర్ఘకాలిక వ్యాధులకు మందులను చెప్పిన ప్రకారం వాడేవారు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే తన నివేదికలో పేర్కొంది. సగం మంది ఒకే విధంగా దారి తప్పుతున్నారంటే, లోపం ఒక్కొక్కరి స్వభావంలో కాక వారికి మందు అందుతున్న తీరులో ఉందేమోనని ఆలోచించవలసిన బాధ్యత పెద్దలకు లేదా?

కొత్త మందు మొదలుపెట్టిన తొలి రెండు మూడు వారాల్లో ఏం జరుగుతుందో చూడండి. రక్తపోటు ఎక్కువగా ఉన్న మనిషికి చాలాసార్లు ఏ బాధా ఉండదు. రామిప్రిల్ వంటి మాత్ర మొదలుపెట్టాక కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. లేని బాధకు మందు వేసుకుంటే ఉన్న సుఖం పోయిందని ఆ మనిషి అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో కడుపులో తిప్పడం, విరేచనాలు కావడం చాలామందికి ఎదురయ్యేదే. భోజనంతో పాటు వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుందని, సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకుంటుందని ముందే చెప్పినవారుంటే ఆ మాత్రల అట్ట అలమరలో మూలన పడదు. కుంగుబాటుకు ఇచ్చే మందుల గుణం కనబడటానికి వారాలు పడుతుంది, ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే తలెత్తవచ్చు. ఆ మధ్యకాలంలో ధైర్యం చెప్పే మనిషి లేకపోతే రోగి ఎవరి మాట పట్టుకుని నిలబడాలి?

ఉబ్బసం వంటివాటికి మందు పీల్చే ఇన్‌హేలరు సంగతి మరీ ముఖ్యం. డబ్బాను బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలుపెడుతూనే మీట నొక్కి, పది సెకన్ల పాటు ఊపిరి బిగబట్టాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే ఆ తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో ఫంగస్ పూత రావచ్చు. ఇది చీటీ మీద రాసిస్తే వచ్చే విద్య కాదు. ఎదురుగా నిలబడి చేసి చూపించి, రోగి చేత చేయించి, తప్పు పోతే దిద్దాలి. సరిగా పీల్చనందువల్ల మందంతా గొంతులోనే ఉండిపోతుంటే, ఆ రోగి 'ఈ మందు నాకు పనిచేయడం లేదు' అని నిజాయతీగానే చెబుతాడు. అతన్ని నిర్లక్ష్యపరుడని ఎలా అంటాం?

ఈ పనికి ఫార్మసిస్టు కంటే చేరువలో ఉన్నవారు లేరు. అపాయింట్‌మెంటు అక్కరలేకుండా కలవగలిగే చదువుకున్న ఆరోగ్య నిపుణుడు ఆయనే. మంచి ఫార్మసిస్టు 'మందు వేసుకుంటున్నారా?' అని అడిగి ఊరుకోడు. ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. 'చాలామందికి ఒకటీ అరా పూట తప్పుతుంటుంది, ఈ వారం మీకెలా గడిచింది?' అని అడుగుతాడు. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. తాను సర్దగలిగింది సర్దుతాడు. మోతాదో మందో మార్చవలసి వస్తే సొంత నిర్ణయం తీసుకోకుండా వైద్యుడికి తెలియజేస్తాడు.

ఇది నా ఊహ కాదు. ఇంగ్లండులో 2011 అక్టోబరు నుంచి కొత్త మందుల సేవ అనే పద్ధతి నడుస్తోంది. మందు ఇచ్చినప్పుడు రోగి సమ్మతి తీసుకుని, ఒకటి రెండు వారాల్లో ఒకసారి, ఆపై మరో రెండు మూడు వారాల్లో ఇంకొకసారి ఫార్మసిస్టు నేరుగానో ఫోనులోనో మాట్లాడతారు. రోగికి ఇది ఉచితం, ఫార్మసీకి ప్రభుత్వ ఆరోగ్య సేవ చెల్లిస్తుంది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో 504 మందిపై జరిగిన అధ్యయనంలో, పది వారాల నాటికి మామూలు పద్ధతిలో మందు తీసుకున్నవారిలో సుమారు 61 శాతం మంది, ఈ సేవ పొందినవారిలో సుమారు 71 శాతం మంది సక్రమంగా వాడుతున్నట్లు తేలింది. రెండు సంభాషణలతో ఇంత మార్పు వచ్చిందంటే చిన్న విషయమా?

అయినా మన ఆరోగ్య శాఖల లెక్కల్లో ఎన్ని మాత్రలు పంచారన్నదే ఉంటుంది తప్ప వాటిలో ఎన్ని రోగి కడుపులోకి వెళ్లాయన్నది ఉండదు. ఏళ్ల తరబడి చదివి పట్టా పుచ్చుకున్న మనిషి చేత అట్టలు కత్తిరించి బిల్లు కొట్టించడంతో సరిపెడుతున్నారు. వెనుక వరుసలో నలుగురు నిలబడి వింటుండగా తన మూత్ర సమస్యనో మనోవ్యాధినో ఏ రోగి నోరు విప్పి చెప్పగలడు? పక్కన రెండు కుర్చీలు పట్టే చాటు లేదు, మాట్లాడటానికి వ్యవధి లేదు, మాట్లాడినందుకు ప్రతిఫలం అంతకన్నా లేదు. ఈ పరిస్థితి కల్పించినవారే రోగికి బాధ్యత లేదని ప్రకటనలు ఇవ్వడం నాకు బొత్తిగా మింగుడుపడటం లేదు.

కనుక కొత్తగా దీర్ఘకాలిక మందు మొదలుపెట్టిన ప్రతి రోగితో మొదటి నెలలో కనీసం రెండుసార్లు ఫార్మసిస్టు మాట్లాడే ఏర్పాటు ఎందుకు లేదో, ఆ పనికి ఎందుకు చెల్లించరో మీ పత్రిక తరఫున అధికారులను నేరుగా అడగండి. వారిచ్చే సమాధానాన్ని ఆ కథనం వేసిన పేజీలోనే, అంతే ప్రముఖంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు