అమ్మమ్మ ఇనప బద్ద

చి.ల.సౌ. అమ్మలుకి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ నాన్నగారూ నేనూ కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, బాబూ కులాసా అని తలుస్తాను.

నిన్న నువ్వు ఫోన్ చేసి, థాంక్స్‌గివింగ్ సెలవలకి డల్లాస్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్తున్నామన్నావు. సియాటిల్ నుంచి ఆయిస్టర్లు, అదే సముద్రపు చిప్పలు, పట్టుకెళ్తానన్నావు, అక్కడ నేను చేసిన ఇగురు ఎలా చెయ్యాలో చెప్పమన్నావు. ఇంతలో బాబు ఏడ్చాడు, మాట తెగిపోయింది. ఒక్క కూర సంగతే అయితే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెట్టేసేదాన్ని. కానీ నీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. అది చెప్పకుండా ఆ కూర చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

మే నెలలో మీరు నన్ను హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ ఒడ్డున డోసీవాలిప్స్ పార్కుకి తీసుకెళ్ళారు, గుర్తుందా? పాటు బాగా తీసేసి, నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోయాయి. ఎటు చూసినా బూడిదరంగు చిప్పలే, రాళ్ళని కరుచుకుని. అల్లుడుగారు లైసెన్సు తీసుకున్నారు, మనిషికి పద్దెనిమిది మాత్రమే ఏరుకోవాలన్నారు. అక్కడికక్కడే ఒలిచి, కండ తీసుకుని, చిప్ప ఏరిన చోటే వదిలేసి వెళ్ళాలని అక్కడ నియమం. పాత చిప్పల మీదే కొత్త పిల్లలు అంటుకుని పెరుగుతాయట. నువ్వది నాకు చదివి వినిపిస్తున్నప్పుడు నేను వంగి ఒక చిప్ప మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను. "ఏంటమ్మా, నడుం నొప్పా?" అన్నావు. అవునన్నాను. నొప్పి కాదు. ఆ మాట నేను ఏడేళ్ళప్పుడు మా అమ్మ నోట విన్నాను.

మీ అమ్మమ్మ భీమిలిలో, గోస్తనీ సముద్రంలో కలిసే చోట, చిప్పలు కొట్టేది. నీకీ సంగతి తెలీదు. నేనే తెలియనివ్వలేదు. పాటు సమయం చూసుకుని, చీర ఎగదోపి, సత్తు గిన్నె ఒకటీ ఇనప బద్ద ఒకటీ పట్టుకుని ఏటిమొగ దగ్గరికి వెళ్ళేది. బడి లేనప్పుడు నేనూ వెనకాలే. చిప్పని రాతి నుంచి పెరికేది కాదు. పై డొప్ప సందులో బద్ద దూర్చి, ఒక్క తిప్పు తిప్పి, మూత లేపి, కండ గీరి గిన్నెలో వేసేది. కింది డొప్ప రాతికే ఉండిపోయేది. అలా ఎందుకు వదిలేస్తున్నావని అడిగితే, "వచ్చే ఏటి పిల్లలు దాని మీదే కూచుంటాయి, పెరికేస్తే ఎక్కడ కూచుంటాయే?" అంది. అమ్మ బడి మెట్లెక్కలేదు. ముప్పై రెండేళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పిన నేను ఆ మాట ఒక్కనాడూ తరగతిలో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. మా చిన్నప్పుడు చిప్పలంటే పేదవాళ్ళ తిండి. చేపలు కొనలేని రోజున ఏరుకొచ్చుకునేవి. ఒట్టి డొప్పలు సున్నం బట్టీవాళ్ళు పట్టుకెళ్ళేవారు, గుల్ల సున్నం అంటారే, అది. ఆరో తరగతిలో ఒక పిల్ల నా పక్కన కూర్చోనంది. నీసు వాసన, చిప్పలు తినేవాళ్ళు అంది. ఆ రోజు నుంచి నేను ఏటిమొగకి వెళ్ళలేదు. ఉద్యోగం వచ్చి కాలనీలో ఇల్లు తీసుకున్నాక అమ్మ ఒకసారి గిన్నెడు చిప్పలు తీసుకుని బస్సెక్కి వచ్చింది. పక్కవాళ్ళకి వాసన వెళ్తుందని కిటికీలు మూసి వండించాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. మళ్ళీ ఎప్పుడూ తేలేదు. నువ్వప్పటికి నెలల పిల్లవి.

సియాటిల్‌లో హోటల్‌కి తీసుకెళ్ళినప్పుడు ఐసు మీద పేర్చి ఆరు తెచ్చిపెట్టారు, ఒక్కోటి మూడు డాలర్లన్నావు. నువ్వు సంబరంగా తింటుంటే నాకు గొంతులో ముద్ద దిగలేదు. ధర చూసి కాదమ్మా, కిటికీలు గుర్తొచ్చాయి.

ఇప్పుడా బద్ద సంగతి. నీ పురుటికి బయల్దేరే ముందు, అక్కడ ఒడ్డుకెళ్ళి మన చేత్తో మనమే ఏరుకోవచ్చమ్మా అని ఫోన్లో అన్నావు. అది విని అటక మీది ట్రంకు పెట్టె దింపాను. అమ్మ పోయాక నేను తెచ్చుకున్నవి రెండే, ఆమె కళ్ళజోడూ ఆ బద్దా. జానెడు పొడుగు. కొసన బొటనవేలి గోరంత వెడల్పు, అరిగి అరిగి పల్చబడింది. చింతకర్ర పిడి. అమ్మది ఎడం చేతి వాటం, అందుకని పిడికి ఒక పక్కే ఆమె బొటనవేలు పట్టేంత గుంట పడింది. నా వేలు పెడితే గుంట ఇంకా మిగిలింది. నీకిద్దామనుకున్నాను. పాత చీరముక్కలో చుట్టి పెద్ద పెట్టె అడుగునే పెట్టాను.

కౌంటర్ దగ్గర తూకం వేస్తే ఇరవై మూడు కిలోలకి రెండున్నర ఎక్కువొచ్చింది. వెనక జనం. ముందు ఎండుకొబ్బరి తీసెయ్యమన్నారు, అది పెట్టెలో పనికిరాదట. నూనె ఎక్కువ కదా, నిప్పు అంటుకునే సరుకు కింద లెక్క. ఇక బరువు తగ్గించడానికి చేతికి దొరికినవల్లా తీసి భుజం సంచిలో కుక్కాను. పుస్తకాలు, బాబుకి తెచ్చిన ఇత్తడి గిన్నె, చీరముక్కలో చుట్టింది ఒకటి. అదేమిటో ఆ తొందరలో చూసుకోలేదు.

సెక్యూరిటీలో నా సంచి పక్కకి తీశారు. అక్కడి అమ్మాయి చీరముక్క విప్పింది. నీ వయసే ఉంటుంది. "ఇదేంటమ్మా?" అంది. చుట్టూ మనుషులు. మా అమ్మ చిప్పలు కొట్టే బద్ద అని నేను చెప్పలేదు. "ఏదో పాత సామాను, తెలీకుండా వచ్చింది" అన్నాను. వెనక్కి వెళ్ళి పెట్టెలో వేయించుకుంటారా అని కూడా అడిగింది పాపం. పెట్టె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది, బోర్డింగ్ మొదలైందని పిలుస్తున్నారు. "అక్కర్లేదు, పారేయండి" అన్నాను. డబ్బాలో వేసింది. చీరముక్క మాత్రం మడతపెట్టి నా చేతికిచ్చింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, మొనదేలిన ఇనుము విమానంలోకి ఎవరు రానిస్తారు. "మా అమ్మది" అని ఒక్క మాట అనలేకపోయాను, అదే నన్ను ఇన్నాళ్ళూ తినేస్తోంది. హుడ్ కెనాల్ ఒడ్డున వట్టి చేతులతో నిలబడ్డప్పుడు మరీను. ఆ రాత్రి ఇగురు తిని, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని నువ్వడిగితే, ఏముంది, రొయ్యల కూరలాగే అన్నాను. అది అబద్ధం.

ఇక నీ ప్రయాణం. సీసాల్లో ఒలిచి అమ్మేవి చేతి సంచిలో పెట్టుకోకు. వాటిలో నీళ్ళుంటాయి, వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవం ఏదైనా ఆపేస్తారు. 2006 ఆగస్టులో బ్రిటన్‌లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పేలుడు ద్రవం నింపి విమానాలు కూల్చాలన్న కుట్ర బయటపడ్డప్పటి నుంచీ ఈ నిబంధన. గోంగూర పచ్చడి కూడా వాళ్ళ లెక్కలో ద్రవమే, తమ్ముడికి పంపేది పెద్ద పెట్టెలో పెట్టు. బాబు పాలకి మాత్రం ఆ కొలత లేదు, వరసలోనే ముందుగా చెప్పి విడిగా చూపించు.

డొప్పతో ఉన్న బతికున్నవే కొను. కూలర్ సంచిలో, లోతు డొప్ప కిందకి వచ్చేలా పేర్చి, మీద తడిగుడ్డ కప్పు. ప్లాస్టిక్ కవర్లో ఊపిరాడకుండా బిగించకు, మంచినీళ్ళలో నానబెట్టకు, చచ్చిపోతాయి. చల్లదనానికి పెట్టే జెల్ ప్యాకెట్లు సెక్యూరిటీ దగ్గరికి వచ్చేసరికి రాయిలా గడ్డకట్టి ఉండాలి. కొంచెం కరిగి అడుగున నీరు చేరినా అదీ ద్రవమే అంటారు. అందుకని ఇంట్లోంచి బయల్దేరే నిమిషంలోనే ఫ్రీజర్ నుంచి తియ్యి. తీసుకెళ్ళొచ్చో లేదో నువ్వెక్కే ఎయిర్‌లైన్స్‌ని ముందే అడుగు. ఒలిచే కత్తి పెద్ద పెట్టెలోకి. బయల్దేరేముందు తూకం ఇంట్లోనే వేసుకో. సంచి తెరిచి ఇవేంటని అడిగితే గొంతు తగ్గించకు.

ఇల్లు చేరాక ఒక్కోటీ చూడు. నోరు తెరిచి ఉన్నదాన్ని వేలితో తట్టు, మూసుకోకపోతే పారెయ్యి. బ్రష్‌తో రుద్ది కడిగి ఆవిరికి పెట్టు. నోళ్ళు తెరుచుకున్నాక కూడా ఇంకో ఐదు నిమిషాలు ఉంచు. ఈ ఐదు నిమిషాలు నాకోసం. అంతకీ తెరుచుకోనివి తినొద్దు. అల్లుడుగారు నిమ్మకాయ పిండుకుని పచ్చివి తింటే నేనప్పుడు ఏమీ అనలేదు, కొత్త కదా. ఇప్పుడు అంటున్నాను. ఈ జీవి రోజంతా నీళ్ళు వడపోసుకుని బతుకుతుంది, ఆ నీళ్ళలో ఉన్న క్రిమి దాని ఒంట్లో చేరుతుంది. విబ్రియో అంటారు. 2021 జూన్ చివర మీ వైపు ఎండలు మండిపోయాయే, ఆ తర్వాత జులైలో పచ్చి ఆయిస్టర్లు తిని వాషింగ్టన్ రాష్ట్రంలో చాలామంది జబ్బుపడ్డారు. నిమ్మరసానికీ, కారపు సాస్‌కీ ఆ క్రిమి చావదు. ఉడికితేనే చస్తుంది. చలికాలంలో తక్కువే అయినా లేకుండా పోదు. షుగరున్నవాళ్ళకీ, లివర్ జబ్బున్నవాళ్ళకీ అది ప్రాణం మీదికి తెస్తుంది. తమ్ముడికి షుగరు మొదలైందని నీకు తెలుసు. వాడికి పచ్చివి ససేమిరా పెట్టొద్దు, వాడు ఎంత బతిమాలినా సరే.

ఆవిరికి తెరుచుకున్నప్పుడు డొప్పలో ఊరిన నీళ్ళు పారబొయ్యకు, పల్చటి గుడ్డలో వడకట్టి పక్కన పెట్టు. ఇసుక గుడ్డలో ఉండిపోతుంది. నూనె కాగాక చిటికెడు మెంతులు, కరివేపాకు, ఆపైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు, రెండు పచ్చిమిర్చి. ఉల్లిపాయ ఎర్రబడేదాకా ఓపికపట్టు, ఇగురుకి చిక్కదనం దాన్నుంచే. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చి వాసన పోయేదాకా వేయించి, పసుపు, కారం, కొంచెం ధనియాల పొడి వెయ్యి. తర్వాత నిమ్మకాయంత చింతపండు రసమూ, వడకట్టిన నీళ్ళూ. ఉప్పు వెయ్యకు. సముద్రం ముందే వేసింది, చివర రుచి చూసి కావాలంటేనే. నూనె పైకి తేలాక కండలు వేసి మూడు నిమిషాలు, అంతే. అంచులు ముడుచుకుంటే చాలు. ఎక్కువసేపు ఉంచితే రబ్బరైపోతాయి. దించేముందు కొత్తిమీర. మామిడికాయ దొరికే రోజుల్లో అమ్మ చింతపండు మానేసి మామిడికాయ ముక్కలు వేసేది, అది ఇంకా బాగుంటుంది. వేడన్నంలోకే తినండి, చల్లారితే నీసు తెలుస్తుంది. బాబుకి ఇప్పుడే వద్దు, కారమూ ఉప్పూ వాడికి పడవు.

తమ్ముడు తప్పకుండా అడుగుతాడు, ఇదెక్కడి వంటకం అక్కా అని. వాడికి చెప్పు. భీమిలిలో మన అమ్మమ్మ చేసేదని, చిప్పలు ఏటిమొగలో ఆమే కొట్టి తెచ్చేదని చెప్పు. అమ్మమ్మ వాడిని ఎత్తుకుని ఉన్న ఫోటో వాడి దగ్గరే ఉంది, చూపించమను. కిటికీలు తెరిచి వండు.

పోయిన ఆదివారం నాన్నగారూ నేనూ భీమిలి వెళ్ళొచ్చాం. ఏటిమొగ చాలా మారిపోయింది గానీ రాళ్ళకి చిప్పలున్నాయి. నా ఈడు ఆవిడ ఒకామె కొడుతోంది. పక్కన కూర్చుని మాట్లాడి, ఆమె బద్ద కొలత కాగితం మీద గీసుకుని, కమ్మరి దగ్గర అలాంటిదే ఒకటి చేయించాను. పిడికి చింతకర్ర దొరికింది. నాన్నగారు వరండాలో కూర్చుని గరుకు కాగితంతో రుద్దుతున్నారు, ఇది రాస్తుంటే ఆ చప్పుడు వినిపిస్తోంది. నీదీ అమ్మమ్మలాగే ఎడం చేతి వాటం కదా, గుంట ఆ పక్కకే తియ్యమన్నాను. మార్చిలో వచ్చేటప్పుడు తెస్తాను. పెద్ద పెట్టెలో, అడుగున, అదే చీరముక్కలో.

ఇట్లు,
అమ్మ