ఉప్పు గురించి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్లో, "ఉప్పుకి బీపీ పెరిగేది అక్కడి నల్లవాళ్ళకటమ్మా, మనకేం కాదు" అన్నారు. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరు పెట్టారో గానీ సగమే చెప్పారు.

ఆ సగం నిజమే. అమెరికాలో నల్లజాతి వాళ్ళలో ఉప్పు తింటే బీపీ పెరిగే లక్షణం ఎక్కువమందికి ఉంటుంది. డ్యాష్-సోడియం అని 2001లో వచ్చిన పరిశోధనలో మనుషులకి వండిపెట్టి మరీ ఉప్పు తగ్గించి చూశారు. నల్లవాళ్ళకి బీపీ బాగా దిగింది. తెల్లవాళ్ళకీ దిగింది, కాస్త తక్కువగా. ఈ రెండో ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

పోనీ అదంతా పుట్టుకతో వచ్చిందా అంటే, 1997లో పశ్చిమాఫ్రికా మూలాలున్న వాళ్ళనే వేర్వేరు దేశాల్లో పరీక్షించారు. బీపీ ఉన్నవాళ్ళు పశ్చిమాఫ్రికాలో 16 శాతం, కరీబియన్ దీవుల్లో 26, అమెరికాలో 33. మూలం ఒకటే. తిండి, ఒంటి బరువు, బతుకే మారాయి. కాబట్టి కులం గోత్రం చూసి ఉప్పు వదిలేస్తుందనుకోకండి.

ఇక్కడ అమెరికాలో ఉప్పు బ్రెడ్డులో, డబ్బా సూపుల్లో కనపడకుండా వస్తుంది. మన కోనసీమలో ఎదురుగానే ఉంటుంది. పొద్దున చద్దన్నంలో ఆవకాయ, మధ్యాహ్నం ఎండు నెత్తళ్ళ వేపుడు, పెరుగన్నంలోకి రెండు ఊరమిరపకాయలు. అమ్మ కూరలో తగ్గిస్తే మీరు కంచం అంచున ఇంత ఉప్పు పోసుకుని వేలితో అద్దుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే అంటోంది, అంటే ఒక టీస్పూను. మీకది మధ్యాహ్నానికే దాటిపోతుంది.

సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు సంగతి అడిగారు. చైనా పల్లెల్లో అది వాడినవాళ్ళకి పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. మంచిదే. కానీ కిడ్నీలు సరిగ్గా లేకపోతే ఒంట్లో పొటాషియం పేరుకుని గుండెకి ముప్పు. బీపీ మాత్రల్లోనూ కొన్ని పొటాషియం పెంచేవి ఉన్నాయి. కొబ్బరి నీళ్ళలో ఉన్నదీ పొటాషియమే, చెట్టు మనదే కదా అని తెగ తాగేస్తారు మీరు.

అందుకని ఈసారి అమలాపురం వెళ్ళినప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి, ఆ కాగితం, మాత్రల చీటీ డాక్టరుగారికి చూపించాకే ఆ ఉప్పు కొనండి. రెండింటి ఫోటో నాకు పంపండి. ఈలోగా నెత్తళ్ళని వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వండమని అమ్మకి చెప్పండి. రుచి తగ్గిందని ఆవిడ మీద అరవకండి, చెప్పింది నేను.

మీ అమ్మాయి