మా ట్రాన్స్‌ఫార్మర్ రాగి ఎవరు కొంటున్నారో అడగండి మంత్రిగారూ

ఇంధన శాఖ మంత్రిగారికి, శ్రీకాకుళం జిల్లా నాగావళి ఒడ్డు రైతు నమస్కరించి రాసుకున్నది.

మా ట్రాన్స్‌ఫార్మర్ దొంగతనాల మీద కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో రెండు సోమవారాలు అర్జీ ఇచ్చాం. రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

మా పొలాల ట్రాన్స్‌ఫార్మర్‌ని 14 నెలల్లో రెండుసార్లు పగలగొట్టారు. రెండోసారి తెల్లారి ముందు చూసింది నేనే. గట్టు కింద బోర్లా పడి ఉంది. నూనె చేలోకి పారి మొక్కజొన్న మొదళ్లు నల్లగా జిడ్డు కారుతున్నాయి. లోపల చెయ్యి పెడితే ఇనప రేకులు, నూనెకి నానిన కాగితం పీలికలు తగిలాయి. రాగి చుట్ట ఒక్కటీ లేదు.

పగలు 9 గంటలు ఉచిత కరెంటు ఇస్తున్నారు, ఆ మేలు మరవం. కానీ రాత్రి మా ఫీడర్‌లో, అంటే పొలాలకొచ్చే లైన్లో, కరెంటు ఉండదని దొంగకీ తెలుసు. వాడికి షాక్ భయం కూడా లేదు.

ఎఫ్ఐఆర్ తెస్తేనే కొత్తది ఇస్తామని కరెంటాఫీసు. సామాను శాఖది, ఫిర్యాదు వాళ్లే ఇవ్వాలని పోలీస్ స్టేషను. ఈ రెండు గుమ్మాల మధ్య 19 రోజులు తిరిగాం. సరిగ్గా కండెలో గింజ పాలు పోసుకునే రోజులవి, మోటార్లు ఆగి చేలకి నీళ్లు లేవు. డీజిల్ ఇంజను అద్దెకి తెచ్చినవాళ్లు కాస్త బయటపడ్డారు. నా పక్క చేను కౌలు రైతుది. కండె ఒలిచి చూపించాడు, సగానికి గింజే పట్టలేదు. కౌలు మాత్రం పూర్తిగా కట్టాడు. చివరికి కొత్తది మంజూరైతే దాన్ని తెచ్చుకోడానికి ట్రాక్టరు కిరాయి కూడా మేమే చందాలేసుకున్నాం. అది మా పనా అండీ?

దొంగని పట్టుకోమని అందరూ అడుగుతారు. నేనడిగేది కొనేవాడి గురించి. నూనె వాసన కొట్టే రాగి తీగ కిలోల లెక్కన వస్తే అదెక్కడిదో పాత ఇనుము కొట్టువాడికి తెలీదా? 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ తీసినవాడికే కాదు, ఆ సామాను దాచినవాడికీ, మోసినవాడికీ 3 ఏళ్ల దాకా జైలు రాసింది. మా చుట్టుపక్కల ఒక్క కొట్టులోనైనా రిజిస్టరు అడిగారని మేం వినలేదు. అమ్మేవాడి ఆధార్ రాయకుండా రాగి కొనకూడదని గట్టిగా చెప్పించండి. కొత్తగా ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లకి రాగి బదులు అల్యూమినియం చుట్టలు పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్ పోయిన రోజే శాఖే ఫిర్యాదు చెయ్యాలి, ఎఫ్ఐఆర్ కోసం రైతుని తిప్పకూడదు.

మళ్లీ మొక్కజొన్న వేశాం. రాత్రిళ్లు ఇద్దరిద్దరం వంతులేసుకుని ట్రాన్స్‌ఫార్మర్‌కి కాపలా పడుకుంటున్నాం. ఇవాళ నా వంతు. మిగతావి ఆలస్యమైనా, ఆ ఎఫ్ఐఆర్ సంగతి మాత్రం కండె పాలు పోసుకునేలోపు తేల్చండి, మీకు దండం పెడతాను.